ఎవరు వదిలిపోతారో ముందు చెప్పండి

మా మేనకోడలు నాగపూర్‌లో ప్రజారోగ్యం చదువుతోంది. వాళ్ల గైడ్ తూర్పు విదర్భ జిల్లాల్లో పెద్దవాళ్ల ఫిట్‌నెస్ మీద ఒక పెద్ద సర్వే తలపెట్టారు. అందులో గడ్చిరోలి ఉంది, గడ్చిరోలి చివర గోదావరి ఒడ్డున ఉన్న మా సిరోంచా తాలూకా కూడా ఉంది. ఏయే పరీక్షలు పెట్టాలో ముసాయిదా రాసే పని ఈ పిల్ల మీద పడింది. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, "మామా, నువ్వు పీటీ సారువు గదా, ఒక్కసారి చూడు" అంది. చూశాను. అప్పటినుంచి ఫోన్లో మా ఇద్దరికీ వాదన నడుస్తూనే ఉంది. ఆ వాదనే ఈ పోస్టు.

కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ముప్పై సెంటీమీటర్ల పెట్టె మీద మూడు నిమిషాలు ఎక్కి దిగడం, ఆగగానే నాడి చూడడం, దాన్నుంచి ఆక్సిజన్ వాడకం లెక్కగట్టడం. తర్వాత పుషప్‌లు, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగడం. పక్కన ఒక పట్టిక. ఒక్కో పరీక్ష ప్రయోగశాల కొలతకి ఎంత దగ్గరగా వస్తుంది, ఇవాళ చేసినా వారం తర్వాత చేసినా ఒకే ఫలితం వస్తుందా, సామాను ఖర్చెంత, ఎంతసేపు పడుతుంది. ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఇంకో గడి ఉండాలి, అది లేదు. ఈ పరీక్ష పెడితే మన ఊళ్లో ఎంతమంది చెయ్యలేరు, ఎంతమంది చెయ్యనంటారు, ఎంతమందిని మనమే చెయ్యనివ్వం? నా లెక్కలో అది మొదటి గడి. అది నింపాకే మిగతావాటికి వెళ్లాలి. సర్వేలో కొలత కాస్త మొరటుగా ఉన్నా పర్వాలేదు గానీ, మనుషులు వరసగా ఒకే వైపు నుంచి జారిపోతే ఆ సర్వే ఏ ఊరిదో కూడా చెప్పలేం.

భర్తీ పరుగు వేరు, సర్వే వేరు

తెల్లవారుజామున మా రోడ్ల మీద కుర్రాళ్లూ ఆడపిల్లలూ పరుగెత్తుతూ కనిపిస్తారు. పోలీస్ భర్తీ కోసం. అబ్బాయిలకు 1600 మీటర్లు, అమ్మాయిలకు 800. ఆ పరుగు పనే వడపోత. ఎవడు ఆగిపోయినా, ఎవడు అసలు రాకపోయినా డిపార్ట్‌మెంట్‌కి దిగులు లేదు. మిగిలినవాళ్లు చాలు.

మనం సర్వేలకు అరువు తెచ్చుకునే పరీక్షల్లో చాలావాటి పుట్టుక కూడా ఇలాంటి చోటే. హార్వర్డ్ స్టెప్ టెస్ట్ 1943 నాటిది. యుద్ధకాలంలో కాలేజీ కుర్రాళ్ల కోసం తయారైంది. ఇరవై అంగుళాల బల్ల, నిమిషానికి ముప్పైసార్లు, ఐదు నిమిషాలు. 1968లో కూపర్ అనే డాక్టరు పన్నెండు నిమిషాల పరుగు అమెరికా వైమానిక దళం వాళ్ల మీద చేసి చూపించాడు. మాంట్రియల్‌లో లూక్ లెజే 1982లో ఇరవై మీటర్ల షటిల్ పరుగు తెచ్చాడు. గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరిగే ఆ బీప్ చప్పుడు ఇవాళ ప్రపంచమంతా మోగుతోంది. మంచి పరీక్షలే, నేనేం కాదనను. అయితే పరుగెత్తమంటే పరుగెత్తే వయసువాళ్ల మీద, కాదనలేని చోట పుట్టినవి. వాటి కచ్చితత్వం లెక్కలు కూడా అలాంటివాళ్ల దగ్గర వచ్చినవే.

మా బడిలో ఖేలో ఇండియా పరీక్షలు చేయిస్తుంటాను. తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు 50 మీటర్లు, 600 మీటర్లు, పుషప్‌లు, కడుపు కండరాలకు కర్ల్-అప్‌లు, ముందుకు వంగడం. బడి కాబట్టి పిల్లలు కళ్లముందే ఉంటారు, సారు మాట వింటారు. అయినా 600 మీటర్ల రోజు కడుపునొప్పి వచ్చేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. ఒళ్లు బరువైన పిల్లవాడు, తోటివాళ్లు నవ్వుతారని భయపడే పిల్ల, నెలసరిలో ఉన్న పిల్ల, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన పిల్లవాడు. యాప్‌లో వాళ్ల గడి ఖాళీగా ఉండిపోతుంది. తరగతి సగటు మాత్రం బాగానే కనిపిస్తుంది. నాలుగు గోడల మధ్య ఉన్న బడిలోనే ఇంత జారితే, వాడవాడా తిరిగే సర్వేలో ఎంత జారుతుందో చూసుకోండి.

మూడు నిమిషాల మెట్టు

పిల్ల తెచ్చిన పెట్టెతో మా వాడలోనే చేసి చూశాం. బీపీ చూసి, ఒప్పుకున్నవాళ్లతోనే. నిమిషానికి 96 దెబ్బలు కొట్టే మెట్రోనోమ్ ఫోన్లో పెట్టింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి, నిమిషానికి ఇరవై నాలుగు సార్లు ఎక్కి దిగాలి. పక్కింటి అబ్బాయి హాయిగా చేశాడు. వాళ్లమ్మ నాలుగడుగుల పదంగుళాల మనిషి. ఆమెకూ అదే పెట్టె, అదే ఎత్తు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. తాళం తప్పింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, నవ్వింది, మళ్లీ తప్పింది. నిమిషం దాటేసరికి "ఇంక నాతోని గాదు బిడ్డా" అని అరుగు మీద కూలబడింది. ఈమె రోజూ బోరింగు దగ్గర్నుంచి రెండు బిందెలు మోసే మనిషి. పెట్టె లెక్కలో ఫెయిల్.

నాకు అంతకన్నా పెద్ద ఇబ్బంది లెక్కలోనే ఉంది. మెట్టు పరీక్ష వెనకున్న ఆలోచన 1954లో స్వీడన్‌లో ఆస్ట్రాండ్, రీమింగ్ వేసిన పటం నాటిది. గుండె వేగం పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడకం ఇంచుమించు ఒకే గీతలో పెరుగుతుంది కాబట్టి, కొంత శ్రమలో గుండె వేగం చూసి గరిష్ఠం ఎంతో ఊహించవచ్చని. గరిష్ఠ గుండె వేగం 220లోంచి వయసు తీసేస్తే వస్తుందని సాధారణంగా పట్టే లెక్క. ఆ అంకె ఒక్కో మనిషిలో పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండడం మామూలే. వేలమంది సగటులో అది సర్దుకుంటుందని పిల్ల అంటుంది. నిజమే, తప్పు అటు కొంతా ఇటు కొంతా ఉంటే సర్దుకుంటుంది. మా దగ్గర తప్పు అంతా ఒకే వైపు లాగుతుంది. ఎండకు గుండె వేగం పెరుగుతుంది. భయానికి పెరుగుతుంది. ఖర్రా నమిలితే పెరుగుతుంది. విదర్భ తెలియనివాళ్ల కోసం: ఖర్రా అంటే పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది ఇచ్చేది. మా జిల్లాలో ఆడా మగా నములుతారు. పరీక్షకు గంట ముందు పొగాకు వద్దని ముసాయిదాలో ఒక లైను ఉంది. ఆ లైను రాసినవాళ్లు మా తాలూకాలో ఒక పూట కూర్చోవాలి.

రక్తహీనత గురించి కూడా అన్నాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువైతే అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మీరు ఫిట్‌నెస్ కొలుస్తున్నారా, ఇనుము కొలుస్తున్నారా అని అడిగాను. దానికి పిల్ల ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. "రక్తం తక్కువుంటే దమ్ము నిజంగనే తక్కువుంటది గదా మామా. అది పరీక్ష తప్పు గాదు, పరీక్ష దొరకబట్టిన సంగతి." ఒప్పుకున్నాను. రక్తహీనతను నా జాబితాలోంచి తీసేశాను. ఎండ, భయం, ఖర్రా మాత్రం తియ్యను.

ఇక సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. దాన్ని 2047కల్లా లేకుండా చేయాలని కేంద్రం 2023 జులై 1న మిషన్ మొదలుపెట్టింది, గిరిజన జిల్లాలన్నిట్లో రక్తపరీక్షలు చేస్తున్నారు. మా జిల్లాలో ఇది ఇళ్లలో మాట్లాడుకునే జబ్బు. జబ్బు ఉన్నవాళ్ల సంగతి సరే, వాళ్లను ఎవరూ పెట్టె ఎక్కించరు. ఒక్క జన్యువు మాత్రమే ఉండి పైకి ఏమీ కనబడనివాళ్ల సంగతి? అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లలో అలాంటివాళ్లు కఠిన శిక్షణలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం చాలా ఎక్కువని 1987లో ఒక అధ్యయనం వచ్చింది. 2016లో దాదాపు 48 వేలమంది నల్లజాతి సైనికుల మీద వచ్చిన అధ్యయనంలో మరణాల తేడా కనబడలేదు. అప్పటికి ఎండలో నీళ్లు, విరామం లాంటి జాగ్రత్తలు సైన్యమంతటా వచ్చాయి. కండరాలు చితికిపోయే ప్రమాదం మాత్రం వాళ్లలో ఎక్కువే ఉంది. మూడు నిమిషాల మెట్టుకీ సైనిక శిక్షణకీ పోలిక లేదని నాకూ తెలుసు. కానీ ఎథిక్స్ కమిటీకి ఈ సంగతులన్నీ చెప్పకుండా ఉండలేరు. కమిటీ ఏమంటుంది? తీసెయ్యండి అంటుంది. సికిల్ ఉన్నవాళ్లను తీసెయ్యండి, తెలియనివాళ్లను తీసెయ్యండి, బీపీ ఎక్కువున్నవాళ్లను, గర్భిణులను, మోకాళ్ల నొప్పులవాళ్లను, గుండె మందులు వాడేవాళ్లను తీసెయ్యండి. ప్రతి తీసివేతకూ న్యాయమైన కారణం ఉంది. అన్నీ అయ్యాక మిగిలేది మళ్లీ భర్తీ పరుగువాళ్లే.

ఇది మా అడవి తాలూకా గొడవ మాత్రమే అనుకోకండి. అమెరికా వాళ్ల జాతీయ ఆరోగ్య సర్వేలో 1999 నుంచి 2004 దాకా ట్రెడ్‌మిల్ పరీక్ష పెట్టారు. సొంత బండ్లు, డాక్టర్లు, యంత్రాలు అన్నీ ఉన్న సర్వే. పరీక్ష 12 నుంచి 49 ఏళ్లవాళ్లకే. యాభై దాటాక గుండె ఎలా ఉందో తెలుసుకోవాల్సిన వయసుకి అక్కడ పరీక్షే లేదు. 2011లో వాళ్లు చేతి పట్టు కొలిచే యంత్రం తెచ్చి, ఆరేళ్ల పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి చేతా పిండించారు.

అల్లుడి ముందు కుర్చీ

పెద్దవాళ్లకి కుర్చీ పరీక్ష పెడదామంది పిల్ల. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, ఎన్ని సెకన్లో చూడాలి. 1994లో అమెరికాలో గురాల్నిక్ బృందం మూడు రకాల నిలబడడం, కొద్దిదూరం నడవడంతో కలిపి వాడిన పద్ధతి, ఇప్పుడు అన్ని దేశాల్లో వాడుతున్నారు. కుర్చీ ఎత్తు ఇంచుమించు 43 సెంటీమీటర్లు ఉండాలి, చేతులు ఉండకూడదు, గోడకి ఆనించాలి.

మా ఊళ్లో ఒక ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్లాస్టిక్ కుర్చీ, చేతులున్నది. పేడతో అలికిన నేల మీద ఒక కాలు లోపలికి దిగుతుంది. అదీ సర్దుకున్నాం. ఇంటి పెద్దమ్మ మాత్రం కూర్చోలేదు. ఎంత చెప్పినా నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుంజ పట్టుకుని నిలబడింది. కారణం పిల్లకి అర్థం కాలేదు. పండక్కి వచ్చిన అల్లుడు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అల్లుడి ముందు అత్త కుర్చీలో కూర్చోవడం, పైగా లేచి కూర్చుని లేచి కూర్చుని చేయడం, ఆ ఇంట్లో జరిగే పని కాదు. ఫారంలో ఏం రాస్తాం? 'చేయలేదు'. రేపు నాగపూర్‌లో ఆ ఫారం చూసేవాళ్లకు 'చేయలేదు' అంటే మోకాళ్లు పోయాయనే అనిపిస్తుంది. ఆమె మోకాళ్లకి ఏమీ కాలేదు. మేం బయటికి వచ్చేసరికి గొంతుక్కూర్చుని చేట పట్టి బియ్యం చెరుగుతోంది, పిలిస్తే చెయ్యి ఆనించకుండా లేచి వచ్చింది.

అందుకే నాకు బ్రెజిల్ వాళ్ల పద్ధతి బాగుందనిపించింది. అరౌజో అనే డాక్టరు బృందం 2012లో ప్రచురించింది. నేల మీద కూర్చుని లేవాలి. కూర్చోవడానికి ఐదు, లేవడానికి ఐదు. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ల మధ్య రెండువేలమందిని చూసి, తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువని చెప్పారు. కుర్చీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

దీనిమీద పిల్ల అభ్యంతరం గట్టిదే. మా ఊళ్లో అరవై లోపువాళ్లంతా పది తెచ్చుకుంటారు, అందరికీ పదే వస్తే ఎవరి మధ్య తేడా కనిపిస్తుంది అంది. పరీక్ష అందరికీ అందేలా తేలిక చేసుకుంటూ పోతే పైనున్నవాళ్లంతా ఒకే గీత దగ్గర గుమిగూడతారు. కష్టం చేస్తే కిందవాళ్లంతా సున్నా దగ్గర. ఈ బాధ తీరేది కాదు. నేను ఎటువైపు నష్టం భరిస్తానంటే పైవైపు. బలంగా ఉన్నవాడు ఎంత బలంగా ఉన్నాడో తెలియకపోతే జిల్లా ఆస్పత్రికి పోయేదేమీ లేదు.

పిండమంటే పిండుతారా

చేతి పట్టు దగ్గరికి వద్దాం. ఇప్పుడు పెద్ద సర్వేలన్నీ దీన్నే పట్టుకున్నాయి. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ అధ్యయనం మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేలమందిది. పట్టు ఐదు కిలోలు తగ్గితే మరణం ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనబడింది. పై బీపీ అంకె కన్నా పట్టే బాగా సూచించింది. పెద్దవయసు వాళ్ల మీద మన దేశంలో చేసిన లాసీ సర్వే 2017-18లో 72 వేలకు పైగా మనుషుల దగ్గర, 45 దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాముల దగ్గర, పట్టు కొలిచింది, నడక వేగం కొలిచింది. యంత్రం సంచిలో పడుతుంది. కూర్చుని చేయవచ్చు. చీర అడ్డం కాదు, ఎండ పెద్దగా అడ్డం కాదు. నా మొదటి గడి ప్రకారం పట్టుకే ఎక్కువ మార్కులు.

అయితే పట్టు అమాయకమైన పరీక్ష అని మాత్రం అనను. గోదావరి ఒడ్డు ఊళ్లో ఒక పెద్దాయన యంత్రం చేతిలోకి తీసుకుని ఊరికే పట్టుకున్నాడు. ముల్లు కదల్లేదు. జోరుగా పిండమన్నాం. ఇంకాస్త కదిలింది. చివరికి గొంతు తగ్గించి నన్నడిగాడు: "సారూ, బలమున్నదని రాస్తే నిరాధార్ పైసలు బంద్ జేస్తరా?" నిరాధార్ అంటే ఆసరా లేనివాళ్లకు మా మహారాష్ట్ర సర్కారు ఇచ్చే పింఛను. ఆధార్ అడిగేవాళ్లు, వేలిముద్ర అడిగేవాళ్లు, ఫొటో తీసేవాళ్లు వచ్చిపోయిన ఊరు. ఇప్పుడు చెయ్యి పిండమనేవాళ్లు వచ్చారు. ఆయన భయంలో తర్కం లేదని నేనెలా అనగలను? వారం తిరక్కుండానే పక్క వాడలో ఒక కుర్రాడు పళ్లు బిగించి, లేచి నిలబడి, రెండో చెయ్యి కూడా సాయం తెచ్చి పిండబోయాడు. భర్తీ వాళ్లు పేర్లు రాసుకుంటున్నారని ఎవరో చెప్పారట.

ఒకే యంత్రం, ఒకే ఊరు. ఒకరు తగ్గించి చూపాలనుకున్నారు, ఇంకొకరు పెంచి. పట్టు పరీక్ష మనిషి ఇష్టం మీద ఆధారపడిన పరీక్ష. మన ఇళ్లకు వచ్చే సర్కారీ సంచిని చూసి మనిషికి కలిగే ఆశ, అనుమానం కూడా ముల్లు మీద పడతాయి. యంత్రం సరిచూసుకునే పేజీలు ముసాయిదాలో నాలుగున్నాయి. ఈ సంగతి మీద ఒక్క వాక్యం లేదు. పరీక్షకు ముందు తెలుగులో, ఇక్కడి గిరిజనుల మాడియా భాషలో, మరాఠీలో ఏ మాటలు చెప్పాలో, ఎవరు చెప్పాలో రాసుకోవడం కూడా పరీక్ష ఎంపికలో భాగమే. మా దగ్గర ఆశా కార్యకర్త చెబితే ఒక రకం, తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, పక్కన నిలబడితే ఇంకో రకం.

గీతల గొడవ ఇంకొకటి. ఆసియా నిపుణుల బృందం 2019లో మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల లోపు ఉంటే బలహీనత అంది. ప్యూర్ లెక్కల్లోనే దక్షిణాసియా వాళ్ల పట్టు యూరప్ వాళ్ల కన్నా చాలా తక్కువ. చిన్న చెయ్యి, చిన్న ఒళ్లు. ఆ గీత ఇక్కడ పెడితే పొద్దుగూకులా పత్తి తీసే ఆడవాళ్లు చాలామంది 'బలహీనులు' అయిపోతారు. అంకెలు కొలవండి, గీతలు తర్వాత గీయండి అన్నాను.

ఇలాంటి గీతలు ఏం చేస్తాయో అమెరికాలో చూశారు. 1950ల్లో క్రౌస్-వెబర్ పరీక్షలో వాళ్ల పిల్లలు సగానికి పైగా ఫెయిలయ్యారు, యూరప్ పిల్లలు పదిమందిలో ఒకరు కూడా కాలేదు. దేశమంతా కలవరం. 1956లో ఐసన్‌హోవర్ యువత ఫిట్‌నెస్ కోసం ఏకంగా ఒక కౌన్సిల్ పెట్టాడు. తీరా చూస్తే ఆ ఫెయిళ్లలో ఎక్కువ భాగం వంగి నేల తాకే ఒక్క అంశంలోనివి. ఒక్క అంశమైనా తప్పితే మొత్తం ఫెయిల్ అన్న నియమం పెట్టుకున్నారు మరి. ఆ అంశం లేకపోతే కలవరం ఏ మేరకు ఉండేదో!

పిల్ల నన్ను ఇరుకున పెట్టిన చోటు ఇదీ. "అందరూ పట్టు కొలుస్తున్నరని మనమూ అదే కొలిస్తే మరి దమ్ము ఎవరు కొలుస్తరు మామా? నీ తునికాకు కూలోళ్ల చేతులు ఉక్కులెక్క ఉంటయి. గుండె సంగతి?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పట్టు ఒంటి మొత్తం బలానికి గుర్తే గానీ గుండె ఊపిరితిత్తుల ఓర్పుకి కాదు. సులువు కాబట్టి కొలిచి, కొలిచాం కాబట్టి అదే ఫిట్‌నెస్ అనేసే ప్రమాదం ఉంది. పట్టు పెరిగితే ఆయుష్షు పెరుగుతుందని చేతికి స్ప్రింగు బొమ్మలు అమ్మే వీడియోలు అప్పుడే వచ్చేశాయి. సూచన వేరు, కారణం వేరు అని వాళ్లకి ఎవరు చెబుతారు?

నాలుగు మీటర్ల నడక దమ్ముకి బదులవుతుందా? కొంతవరకే, అదీ పెద్దవయసులో. వాకిట్లోనే చేయవచ్చన్నది దాని గొప్ప. సెకనుకి మీటరు నడిచే మనిషికి నాలుగు మీటర్లంటే నాలుగే సెకన్లు. స్టాప్‌వాచ్ మీద బొటనవేలు అర సెకను ఆలస్యమైతే ఎనిమిదోవంతు తేడా వచ్చేస్తుంది. ఆరు నిమిషాల నడకకి ముప్పై మీటర్ల తిన్నని దారి కావాలి. మా సీసీ రోడ్డు సరిపోతుంది, మేకలూ బండ్లూ ఒప్పుకుంటే. పక్కన పిల్లలు పరుగెత్తుతూ కేకలేస్తుంటే మనిషి వేగం ఎలాగూ పెరుగుతుంది.

కాబట్టి నేను ఒప్పుకున్నది ఇదీ. ఇంటింటికీ పట్టు, నడక, నేల మీంచి లేవడం. మెట్టు పరీక్ష కొందరికే, నీడలో, పొద్దున పూట, డాక్టరు పక్కనుండగా. ఆ కొందరినీ చీటీ తీసి ముందే ఎంచాలి. చేస్తామని ముందుకొచ్చినవాళ్లను తీసుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. ఎత్తు కూడా ఒకటే వద్దు, తక్కువ మెట్టు నుంచి మొదలుపెట్టండి. గైడ్‌గారికి ఇది నచ్చలేదని తెలిసింది. జర్నళ్లకు అందరి ఆక్సిజన్ అంకె కావాలట.

ఖాళీ గడులు

బ్రిటన్‌లో చేసిన పెద్ద ఆరోగ్య అధ్యయనం యూకే బయోబ్యాంక్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఐదు లక్షలమంది, అందరి పట్టూ కొలిచారు, కొందరిని సైకిల్ తొక్కించారు. వాళ్లు ఉత్తరాలు రాసింది తొంభై లక్షలమందికి పైగా. వచ్చింది వందకి ఐదారుగురు. వచ్చినవాళ్లు దేశం సగటు కన్నా ఆరోగ్యంగా, కాస్త ఉన్నవాళ్లుగా ఉన్నారని తర్వాత వాళ్లే లెక్కేసి చెప్పుకున్నారు. ఒక రోగానికీ ఒక అలవాటుకీ సంబంధం వెతకడానికి అది పెద్ద అడ్డం కాదంటారు. కావచ్చు. మా పిల్ల సర్వే మాత్రం 'ఈ జిల్లాలో ఎంతమంది' అని చెప్పబోతోంది. అక్కడ రానివాళ్లే సగం జవాబు.

మా జిల్లా వాళ్లకి ఇలాంటి పని కొత్తకాదు. సెర్చ్ సంస్థ డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ 1986 నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు. పసిపిల్లల్లో న్యుమోనియా పట్టాలంటే నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో లెక్కపెట్టాలి. పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాని మంత్రసానులకు వాళ్లు పూసల వరసలూ నిమిషం ఇసుక గడియారమూ ఉన్న పరికరం చేసిచ్చారు. నాకు అందులో నచ్చేది పూసలు కాదు. కొలిచే మనిషి ఎవరో, ఆమెకి ఏం వచ్చో ముందు చూసి పరికరం తర్వాత చేయడం.

పిల్ల ఒక విషయంలో గెలిచింది. ఫారంలో 'చేయలేదు' అన్న ఒక్క గడి బదులు ఇప్పుడు కొన్ని గడులున్నాయి. ఒళ్లు సహకరించలేదు, డాక్టరు వద్దన్నారు, ఇష్టం లేదన్నారు, ఇంట్లో వాళ్లు వద్దన్నారు, మొదలుపెట్టి ఆపేశారు, ఊళ్లో లేరు. 'అల్లుడు ఉన్నాడు' అన్న గడి కూడా పెట్టమన్నాను, నవ్వింది గానీ 'ఇంట్లో వాళ్లు' కింద అదీ పడుతుందంది. మెట్టు మీద నిమిషంలో ఆగిపోయిన మా పక్కింటామె ఇప్పుడు ఖాళీ గడి కాదు, అరవై సెకన్లు.

తెగనిది కాలం సంగతి. గైడ్‌గారు మే నెల అంటున్నారు, విద్యార్థులకు సెలవులు కాబట్టి. మేలో మా తాలూకాలో తునికాకు. చీకటి ఉండగానే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు, ఎండెక్కాక మోపులతో వస్తారు, కట్టలు కట్టి కల్లానికి మోస్తారు. పగలు ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, బాలింతలు, జబ్బుపడ్డవాళ్లు. జనవరి నుంచి అయితే సగం ఊరు మిర్చి ఏరడానికి నది దాటి ములుగు, భూపాలపల్లి, ఖమ్మం వైపు ఉంటుంది. వానాకాలం నాట్లు, వాగులు. పరీక్ష ఎంత మంచిదైనా మేలో చేస్తే మా ఊరు బలహీనుల ఊరు అయిపోతుంది, అప్పటిదాకా నేను చెప్పిన జారుడు ఈసారి తలకిందులుగా. డిసెంబరులో వరికోతలయ్యాక ఒక విడత, మేలో కల్లం దగ్గరే ఇంకో విడత పెట్టమన్నాను. కల్లం దగ్గర అలసిపోయిన చెయ్యి కొలిచినట్టవుతుంది, ఇంటి దగ్గర కొలిచిన అంకెలతో పోల్చలేం అని పిల్ల అభ్యంతరం. 'పని తర్వాత' అని పక్కన రాసి కొలవండి, 'ఊళ్లో లేరు' అని కొట్టెయ్యడం కన్నా నయం అంటున్నాను. రెండు విడతలకి డబ్బెక్కడిదని గైడ్‌గారు అడిగారట. పుషప్‌లు తీసేసి ఆ పూట కూలీ ఇటు మళ్లించమన్నాను. జవాబు ఇంకా రాలేదు.